మైకన్న నోరు మెదపని రోజు

రండి, రండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ముందుకు జరగండి. చోటు లేదనకండి, మోకాళ్ళు కాస్త ముడుచుకుంటే అదే వస్తుంది. వినడానికి చెవులిచ్చిన ఆ పైవాడికి ఓ దణ్ణం పెట్టుకుని, ఫోన్లు బోర్లా పెట్టేసి వినండి. మాట అనేది భగవంతుడి వరమే, కాదనను. కాకపోతే పంచేటప్పుడు కొందరికి చిటికెడు విదిల్చి, కొందరి మీద బిందెలకి బిందెలు గుమ్మరించాడు. ఈ కథలో ఆ రెండు రకాలవాళ్ళూ ఉన్నారు.

యూనివర్సిటీ లైబ్రరీ వెనక గేటు పక్కన ఒక టీ బడ్డీ ఉండేది. పైన రేకుల పంచ, కింద రెండు పొడుగు బల్లలు, ఒక బల్లకి కాలు పొట్టి, దాని కింద ఎవరో వదిలేసిన పాత గైడు. సాయంత్రమయ్యేసరికి ఆ బల్లల మీద చోటు దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టం. ఎందుకంటే ఆ వేళకి మైకన్న వచ్చేవాడు.

మైకన్న అని కన్నవాళ్ళు పెట్టలేదు లెండి, ఆ గొంతు విని హాస్టలు పెట్టింది. పరిశోధన విద్యార్థి. ‘ఇక ఆఖరి అధ్యాయమేరా’ అంటూ ఉంటాడు. ఆయనతో పాటు చేరినవాళ్ళు అదే డిపార్టుమెంటులో పాఠాలు చెప్పుకుంటున్నారు. ఏటా ఆఖరి సంవత్సరం పిల్లలు ఉద్యోగాల వేటలో పడేసరికి ఆయన బల్ల చివర కాలు మీద కాలేసుకుని కూర్చుని, తాను ఒక్క ఉద్యోగమూ చెయ్యకుండానే అన్ని ఉద్యోగాలు ఎలా కొట్టాలో బోధించేవాడు. మనిషి మంచివాడు పాపం, ఒకరి చెడు కోరడు, ఎవరి చేతిలోనైనా టీ లేకపోతే తనే తెప్పిస్తాడు. కానీ మాట మొదలెడితే అందులో కామాలే తప్ప ఫుల్‌స్టాపు ఉండదు.

రెండో మనిషి ఒక ఆఖరి సంవత్సరం పిల్ల. క్లాసంతా ఆమెని చీమ అనేవారు. సన్నమనీ కాదు, పొట్టి అనీ కాదు. ఆ పిల్ల మాట్లాడితే చీమ నడిచినంత చప్పుడయ్యేది. చదువులో మాత్రం బంగారం. రాతపరీక్ష పెట్టిన ప్రతి కంపెనీ ఆమె పేరు ముందు పిలిచేది. ఆ తర్వాత వస్తుంది అసలు గండం, గ్రూప్ డిస్కషన్. ఒక బల్ల చుట్టూ పదిమందిని కూర్చోబెట్టి, ఏదో ఒక విషయం మధ్యలో పడేసి, ‘ఊఁ, మాట్లాడుకోండి’ అంటారు. గోడవారన కూర్చున్న పెద్దలు ఎవరు ఎలా మాట్లాడుతున్నారో చూస్తుంటారు. అక్కడ ఎవరూ ఎవరికీ వంతు ఇవ్వరు. నోరున్నవాడిదే బల్ల. మన చీమ మంచి మాట ఒకటి మనసులో పొందిగ్గా పేర్చుకుని, సందు దొరికితే చెబుదామని చూస్తూ చూస్తూ ఉండగానే ‘ఇక చాలు, లేవండి’ అనేవారు. అలా మూడు కంపెనీలు చేజారాయి. ఇంక ఆ ఏడాదికి మిగిలింది ఒక్కటే, మర్నాడు పొద్దున్న. అదీ పోతే ఇంటికెళ్ళి మేనమామగారి ట్రావెల్స్ ఆఫీసులో కూర్చోవాలి. అక్కడ అత్తయ్య మాటకి అడ్డం పడి బతికి బట్టకట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

చీమ రూమ్మేటు ఒకత్తి ఉంది, అందరి మీదా పెత్తనం చేస్తుందని దాన్ని వార్డెన్ అనేవారు. ఆ సాయంత్రం అది చీమని చెయ్యి పట్టి లాక్కొచ్చి మైకన్నకి ఎదురుగా కూర్చోబెట్టింది.

“ఒసేయ్, ఇవాళ నీకు ఒకటే పని. మైకన్న మాట మధ్యలో దూరి ఒక్క వాక్యం చెప్పు. మొదలు నుంచి చివరి దాకా, మింగెయ్యకుండా. వరదకి ఎదురీదినదానికి పిల్లకాలవ ఒక లెక్కా?”

“ఏం వాక్యమే?”

“ఏదైనా సరే. ‘అన్నా, మీ చొక్కా బొత్తం ఊడింది’ అను, చాలు.”

చీమ తలూపింది.

సరిగ్గా అప్పుడే ఎవరో రేపటి గ్రూప్ డిస్కషన్ మాటెత్తారు. మైకన్న టీ గ్లాసు కింద పెట్టి నిట్టూర్చాడు. “పెద్ద విశేషం కాదులే గానీ, ఒకసారి నేను ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుని గ్రూప్ డిస్కషన్ గెలిచాను.”

బల్ల మొత్తం ఉలిక్కిపడింది. టీ వడగడుతున్న బాబాయి చెయ్యి గాల్లోనే ఆగింది.

“నువ్వా? నోరు మెదపకుండానా?”

“పంటి నొప్పా అన్నా?” అంది వార్డెన్.

“నవ్వండి, నవ్వండి. నవ్విన నాపచేనే పండుతుంది. అది పెద్ద కంపెనీరా, గుమ్మంలో అడుగుపెడితే నేలలో మన మొహం మనకే కనబడుతుంది, అలాంటి గదిలో పదిమందిమి, విషయం ఏమిటంటే ‘యంత్రాలొస్తే మనుషులకి పనుంటుందా’ అని, ఇంక చూస్కో, తొమ్మిదిమందీ చేపల బజారులా మీద పడ్డారు, నేను మాత్రం ఇదుగో, ఇలా చేతులు కట్టుకుని కూర్చున్నాను, నా ఎదురుగా ఎర్ర టై కట్టుకున్నవాడొకడు ఊగిపోతూ అరుస్తున్నాడు, నేను వాణ్ణి చూశాను. అంతే, చూశానంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?”

“వాడి గొంతు మెల్లగా దిగింది, దిగి దిగి గుసగుసయింది, చివరికి మంచినీళ్ళు తాగి ‘క్షమించండి’ అని కూర్చున్నాడు, వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ పక్కమ్మాయి, ఒక్కొక్కరూ దీపాలు ఆరినట్టు ఆరిపోయారు. అలా గంట గడిచింది.”

“ఇందాక ఐదు నిమిషాలన్నావుగా!”

“ఐదు నిమిషాలే తమ్ముడూ. గోడ మీద గడియారం సిగ్గుపడి ఆగిపోయింది. గడియారం ఆగాక ఎన్ని గంటలు కూర్చున్నా లెక్క ఐదు నిమిషాలే కదా!”

ఇదే సందు అనుకుంది చీమ. ఊపిరి బిగబట్టి, “అన్నా, మీ...” అంది.

“చూశారా, చూశారా! ఈ చెల్లి ఆశ్చర్యంతో నోరు తెరిచింది. అచ్చం ఇలాగే ఆ గోడవార కూర్చున్న పెద్ద మేడమ్ కూడా నోరు తెరిచి కలం కింద పెట్టేసింది.”

వార్డెన్ మోచేత్తో పొడిచింది. చీమ తలదించుకుంది.

“ఆ మేడమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిరా. ‘బాబూ, నీ మౌనం చూస్తుంటే నా పాపాలన్నీ గుర్తొస్తున్నాయి, నేను డిగ్రీలో స్లిప్పులు పెట్టి పాసయ్యాను’ అని బావురుమంది, పక్కాయన ‘నేను మా తోడల్లుడి ప్రాజెక్టు నాదని చెప్పి ప్రమోషను కొట్టాను’ అన్నాడు, ఇద్దరూ ఒకర్నొకరు ఓదార్చుకుంటుంటే నా మౌనం మెల్లగా తలుపు సందులోంచి బయటికి పాకింది.”

“మౌనం పాకడమేమిటన్నా?”

“పాకిందిరా! మెట్లు దిగింది. ఒక్కో అంతస్తూ దిగుతుంటే ఆ అంతస్తులో ఫోన్లు మోగడం ఆగింది, కంప్యూటర్ల టకటకలు ఆగాయి, లిఫ్టు కూడా తలుపులు చప్పుడవుతాయని మధ్యలోనే నిలబడింది, రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సులు హారన్లు మానేసి ఒకదానికొకటి తలలూపుకుంటూ దారిచ్చుకున్నాయి.”

చీమ ఈసారి చెయ్యెత్తింది. క్లాసులో ఎత్తినట్టు, బుద్ధిగా. మైకన్న మాట ఆపకుండానే తన ఖాళీ గ్లాసు ఆ చేతిలో పెట్టాడు. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు. చీమ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

నిజం చెప్పాలంటే, అప్పటికి ఆ పిల్లకి మైకన్న కోతలు కాస్త తియ్యగానే అనిపిస్తున్నాయి. ఊరుకుంటే చాలు, ప్రపంచమే దిగొస్తుందంటే ఎవరికి చేదు? మాట పెగలని మనిషికి అంతకన్నా కమ్మని కథ ఏముంటుంది చెప్పండి?

“మూడో రోజుకి,” అన్నాడు మైకన్న.

“మూడో రోజా!”

“మరి? మూడో రోజుకి ఆ కంపెనీ ఛైర్మన్ విమానంలో వచ్చాడు. మామూలుగా రాలేదు, ఊరి పొలిమేరలోనే పైలట్‌కి చెప్పాడట, ‘అక్కడ ఒక మహానుభావుడు మౌనంగా ఉన్నాడు, ఇంజను ఆపేసి దించు’ అని. ఆకు రాలినట్టు దిగింది విమానం. ఆయన మునివేళ్ళ మీద నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి చెవిలో ‘బాబూ, ఉద్యోగం ఇస్తాం’ అన్నాడు. నేను పలకలేదు. చాలదనుకున్నాడు కాబోలు, ‘మేనేజరుగా’ అన్నాడు. నేను పలకలేదు. ‘జనరల్ మేనేజరు, బంగళా, రెండు కార్లు.’ ఊఁహూఁ. చివరికి, ఒట్టు, అబద్ధమైతే నా థీసిస్ పూర్తి కాకుండా పోవాలి...”

“అది ఎలాగూ కాదు, వేరే ఒట్టు పెట్టన్నా!”

“...చివరికి ఆయన తన కుర్చీయే మోయించుకొచ్చి నా వెనక వేయించాడు. ‘నువ్వే ఛైర్మన్‌వి, నేను నీ కింద గుమస్తాగా చేస్తాను’ అన్నాడు.”

“మరి ఎందుకు చేరలేదయ్యా?” అడిగాడు టీ బాబాయి, వడగట్టే గుడ్డ చేతిలోనే పెట్టుకుని.

“చేరాలంటే ‘సరే’ అనాలి కదా బాబాయీ! నోరు తెరిస్తే మౌనం భంగం. అందుకే లేచి, దులుపుకుని వచ్చేశాను. కాబట్టి రేపు వెళ్ళేవాళ్ళంతా రాసిపెట్టుకోండి. అక్కడ అరిచేవాడు అరుస్తాడు. మీరు నోరు కట్టేసుకుని గంభీరంగా కూర్చోండి. ఉద్యోగం వెతుక్కుంటూ మీ ఒళ్ళో వాలుతుంది.”

అందరూ చప్పట్లు కొట్టారు. అంతవరకూ మూలన ఒదిగి కూర్చున్న కళ్ళజోడు కుర్రాడొకడు, చీమ క్లాసువాడే, వాడికీ రేపే పరీక్ష, గుండెల మీంచి బండ దింపుకున్నట్టు నవ్వాడు. “బతికించావన్నా. నాకు ఎలాగూ పదిమందిలో గొంతు పెగలదు. రేపు అలాగే కూర్చుంటాను.”

“కూర్చో తమ్ముడూ, నా మాట నమ్ము...”

“నమ్మకు.”

ఎవరన్నారో ఎవరికీ అర్థం కాలేదు. మైకన్న కూడా అటూ ఇటూ చూశాడు. చీమ లేచి నిలబడి ఉంది, చేతిలో ఇంకా ఆ గ్లాసు.

“ఏంటి చెల్లీ, అన్న మాటంటే...”

“నన్ను పూర్తి చెయ్యనివ్వండి.”

గట్టిగా అనలేదు. కానీ అంది. మైకన్న నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

“మౌనంగా కూర్చోవడం గురించి మీకేం తెలుసన్నా? నాకు తెలుసు. మూడు కంపెనీల్లో కూర్చున్నాను. ఏ గడియారమూ ఆగలేదు. ఎవరూ ఏడవలేదు. నా పక్కవాడు నా కుర్చీ మీద మోచెయ్యి ఆనించుకుని, నా మీంచి అవతలి అబ్బాయితో మాట్లాడాడు. ఒకచోట అంతా అయ్యాక ఒకాయన ‘ఆ అమ్మాయి రాలేదా ఇవాళ?’ అని నా పేరు చదివి అడిగాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నాను. వచ్చేస్తుంటే నాతో ఒకే ఒక్క మాటన్నారు. ‘ఏసీ పోతుంది, తలుపు వేసి వెళ్ళమ్మా’ అని. మౌనంగా కూర్చుంటే వచ్చేది అదే. మీ కథలో విమానం కూడా వచ్చింది గానీ, ఆ మాట రాలేదు. అక్కడ మీరు కూర్చోలేదు కాబట్టి రాలేదు.”

కళ్ళజోడు కుర్రాడి వైపు తిరిగింది. “నువ్వు రేపు మాట్లాడు. నేను మొదలెడతాను, నువ్వు అందుకో. నువ్వు తడబడితే నేను అందుకుంటాను.”

పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది. రోజూ పొంగుతాయి, కానీ మైకన్న ఉండగా ఆ చప్పుడు విన్నవాళ్ళు లేరు. బాబాయి పరుగెత్తి మంట తగ్గించాడు. మైకన్న కాలు మీద కాలు తీసేసి, బల్ల మీద గోటితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

“అన్నా,” అంది వార్డెన్, “ఇప్పటికి ఐదు నిమిషాలై ఉంటాయంటావా?”

బల్లలు విరిగేలా నవ్వారు. మైకన్నా నవ్వాడు, నవ్వుతూనే తేరుకున్నాడు, తేరుకోగానే వేలెత్తాడు. “చూశారా మరి! నేను ఊరుకోబట్టే కదా ఈ చెల్లి మాట్లాడింది! నా మౌనంలో ఎంత మహిమ లేకపోతే...”

“ఆ అమ్మాయిని పూర్తి చెయ్యనివ్వన్నా!” అన్నారు రెండు బల్లలూ ఒక్క గొంతుతో.

“ఒక్క వాక్యం చెప్పమంటే ప్రసంగమే దంచావేంటే!” అంది వార్డెన్. చీమ సిగ్గుపడి కూర్చుంది గానీ నోరు మళ్ళీ మూయలేదు. అక్కడే, ఆ కుంటిబల్ల మీదే, యంత్రాలొస్తే మనుషులకి పనుంటుందా అని కళ్ళజోడు కుర్రాడితో వాదన పెట్టుకుంది. మైకన్న ఇద్దరి మధ్యా కూర్చుని, అడ్డం పడబోయి నాలిక కరుచుకుంటూ, ఇద్దరికీ టీ తెప్పించాడు.

మర్నాడు ఆ గదిలో ఏమైందని అడుగుతారు మీరు. నేను లోపల లేను. లేనిచోటి సంగతి చెబితే అది కోతలు కొయ్యడం అవుతుంది, దేవుడు మెచ్చడు. ఇద్దరూ పొద్దున్నే కలిసి బయల్దేరారనీ, దారి పొడుగునా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉందనీ మాత్రం చూసినవాళ్ళు చెప్పారు.

మీరు లేచి ఇళ్ళకి వెళ్ళేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి తల్లీ, తండ్రీ. విమానాన్ని మర్చిపోండి, పాకిన మౌనాన్ని మర్చిపోండి. తన కోసం మూడుచోట్ల పెగలని గొంతు, పక్కనున్నవాడు మోసపోతున్నాడని చూసి పెగిలింది. ‘నన్ను పూర్తి చెయ్యనివ్వండి’ అంది ఆ పిల్ల. ఇంట్లో నోరు లేని బిడ్డ ఎవరైనా ఉంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ మాట చెప్పండి. ఆ బిడ్డ ఎప్పుడైనా ఆ మాట అంటే, మీరు మాత్రం మధ్యలో అందుకోకండి.