తల పైకెత్తి చూస్తే

హలో… ఆ, నేనే అన్నయ్యా. డాక్టరమ్మగారి హాల్లో ఉన్నా. ఇప్పుడే నిచ్చెన దిగాను…

లైటు బిగించేశాం. ఎలక్ట్రీషియన్ కూడా వెళ్లిపోయాడు… ఊగడం లేదు. ఏనుగు వేలాడినా కదలదు… టేకు చట్రమా? అబ్బ, ఏం మెరుపనుకున్నావ్! దాని మీంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు.

— వెలిగింది. వెలగడం బ్రహ్మాండంగా వెలిగింది. కాకపోతే… చిన్న సంగతి.

ముందు కూర్చో… సరే, నిలబడే విను. నారింజ రంగు గాజు భోజనాల బల్ల మీదికి రావాలి కదా? ఆకుపచ్చది పూలకుండీల మూలకి?… తారుమారైంది.

— ఎలా ఏంటి! బొమ్మ నేను ఇక్కడ తల పైకెత్తి, పైకప్పు చూస్తూ గీశాను. మన షెడ్డులో తల దించుకుని, బల్ల మీద పెట్టి పేర్చాం. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది… ఆ, తప్పు నాదే. నువ్వు పక్కనే నిలబడి భేష్ అనలేదూ? అన్నావా లేదా?… మరి!

ఎలా ఉందా? వాళ్ల అల్లుడుగారు వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఆ ఆకుపచ్చ వెలుగులో పది రోజులు లంఖణాలు చేసిన మొహం! మంచినీళ్ల గ్లాసు ఎత్తి, ఒకసారి చూసి, మెల్లగా పక్కన పెట్టేశారు. పసరనుకున్నారో ఏమో పాపం… కుండీలు మాత్రం నారింజ వెలుగులో పెళ్లికూతుళ్లలా ఉన్నాయిలే.

— తిప్పి బిగించడమా? తిరిగితేగా! నీ పనితనం మరి, దూలానికి ఒక్క వైపే కూర్చునేలా చట్రంలో గాడి తీశావ్. నువ్వొచ్చి అటువైపు కూడా గాడి తీస్తే తప్ప తిరగదు.

ఏంటీ?… 'డిజైనే అంత' అనమంటావా! నా వల్ల కాదు బాబూ… ఇంక అనడానికీ లేదు. చెప్పేశాను… డాక్టరమ్మగారికే, ఉన్నదున్నట్టు… ఏమో, లోపల వాళ్లాయనతో మాట్లాడుతున్నారు.

ఇంతకీ నువ్వెక్కడ? మన షెడ్డులో సన్నగా ఆ పాటలేంటి?… మళ్లీ చెప్పు… పాత షోరూమ్‌లోనా!

అన్నయ్యా… ఊరికే వెళ్లావా, చేరడానికి వెళ్లావా?… ఓనరుగారు రేపట్నుంచే రమ్మన్నారా. నువ్వేమన్నావ్?… ఇంకా ఏం అనలేదు. హమ్మయ్య.

— లైటు వెనక్కొస్తే ఏంటా? వస్తే రానీ. మనిద్దరం బయటికొచ్చి ఆరు నెలలేగా అయింది. అక్కడ పదేళ్లు నువ్వు చెక్కినవన్నీ ఆయన పేరు మీదే పోయాయి. ముందు గదిలో ఆయనకి చప్పట్లు, వెనక గదిలో నీకు రంపప్పొట్టు. నాకెంత కడుపు మండేదో నీకేం తెలుసు!… తెలుసు, నీకు భయంగా ఉంది. నాకూ భయమే. కానీ నువ్వు మళ్లీ ఆ వెనక గదిలోకి వెళ్తే నేను తట్టుకోలేనురా అన్నయ్యా…

ఉండు, ఉండు, వస్తున్నారు. పెట్టేయకు…

చెప్పండి మేడమ్… అవునండీ, మా అన్నయ్యేనండీ… లైన్లోనే ఉన్నాడండీ… అయ్యో, అలాగేనండీ! తప్పకుండానండీ!

అన్నయ్యా! ఆవిడ నవ్వుతున్నారు!… 'ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఇలాంటి మొహాలే చూశాను, ఇంట్లో కూడా వద్దు తల్లీ' అన్నారు. రేపు తిప్పి బిగించమన్నారు. కానీ ఈ చట్రం చెక్కినాయనే వచ్చి గాడి తీయాలట. ఇంకెవర్నీ దాని మీద చెయ్యి వేయనివ్వరట!

— ఆగు, ఇంకోటుంది. ఎవరు చేశారో తెలియొద్దా, చట్రం మీద పేరు లేదేంటమ్మా అన్నారు. చెక్కమన్నారు… ఎవరి పేరేంటి? నీ పేరే!

అన్నయ్యా… ముక్కు చీదకు, షోరూమ్‌లో ఉన్నావ్.

ఓనరుగారు ఎదురుగానే ఉన్నారా?… ఫోన్ ఆయనకివ్వు… నేను చూసుకుంటాగా, ఇవ్వు!

నమస్కారమండీ ఓనరుగారూ. బాగున్నారా?… మేం బాగున్నామండీ… ఆ, దాని గురించేనండీ. మా అన్నయ్య రేపు రాడండీ… ఎల్లుండీ రాడండీ… లేదండీ, ఒంట్లో శుభ్రంగా ఉంది. పనుందండీ. ఉంటానండీ.