మా ఇల్లు: ఐదు నిమిషాలు

నా పరీక్ష వచ్చే నెలకి జరిపారా? అదెలా కుదురుతుంది మేడమ్! హాల్ టికెట్ మీద ఎల్లుండి అని ముద్ర కొట్టింది మీరే కదా? ప్రైవేటుగా రాసేవాళ్ళంటే మరీ ఇంత అలుసా?

నవ్వితే నవ్వండి. నలభై ఏళ్ళకి స్కూలు ఫైనలేమిటి, అందులో స్పానిషేమిటి అని అందరూ నవ్వారు. ఆ పిచ్చి మా వదినది. ఇద్దరం కలిసే దరఖాస్తు పెట్టుకున్నాం. కింద అన్నయ్య గడియారాల రిపేరు షాపు, పైన వంటింట్లో మా చదువు. కూర తరుగుతూ క్రియలు వల్లెవేసేవాళ్ళం. ఆర్నెల్ల క్రితం వదిన మెట్ల మీంచి పడి చనిపోయింది.

మౌఖిక పరీక్షలో ‘మా ఇల్లు’ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి కదా? రికార్డు చేసి, సీలు వేసి, ఎక్కడో దూరాన దిద్దేవాళ్ళకి పంపుతారట. ఇక్కడెవరూ వినరు కదూ? హమ్మయ్య, నాక్కావలసిందీ అదే.

ఇంట్లో టైము చూసేది అన్నయ్యే. రోజూ స్టాప్‌వాచీ పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు. తనకి స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఆ ధైర్యంతోనే మొహం మీదే గడగడా అప్పజెప్పేదాన్ని. “పది సెకన్లు తక్కువైంది, ఇంకోసారి చెప్పమ్మా” అనేవాడు.

ఏం అప్పజెప్పేదాన్నంటే... మా ఇంటికి పద్నాలుగు మెట్లు. వదిన జారలేదు. అన్నయ్య తోశాడు. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను.

అవును మేడమ్. జారిపడిందని పోలీసులకి చెప్పింది నేనే! తోడబుట్టినవాడు, తిండి పెడుతున్నవాడు. మన భాషలో ఆ మాట గొంతు దాటలేదు.

మొన్న సాయంత్రం మధ్యలో తడబడ్డాను. తర్వాతి వాక్యం అన్నయ్య అందించాడు. వాచీ మీంచి తల ఎత్తకుండా, స్పానిష్‌లో!

విని విని నోటికొచ్చిందా? అర్థమయ్యే అందించాడా? ఎలా అడగను? నిన్న చూస్తే వదిన డిక్షనరీ వంటింటి అలమరలో లేదు. కింద షాపులో, అన్నయ్య భూతద్దం పక్కన ఉంది.

ఏమిటీ? వాయిదా కావాలని నేనే అర్జీ పెట్టుకున్నానా? ఏదీ, ఇలా ఇవ్వండి.

...

ఇది నా సంతకం కాదు. అన్నయ్య చేతిరాత.

సరేలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు? అదిగో, బయట బెంచీ మీద కూర్చున్నది తనే, నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. నేనూ మెట్ల మీంచి పడ్డానని రేపెవరైనా వచ్చి చెబితే, మీరైనా జారిపడిందని అనకండి.