పగుళ్ళను పగుళ్ళనే అన్న మేడమ్ గారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు మా పాఠశాల భవనాల విభాగంలో సహాయక ఇంజనీరుగా చేరి, ఈ రోజు సాయంత్రం ఐదు గంటలకు పదవీ విరమణ చేయబోతున్న మా సహోద్యోగిని గారిని కొందరు ఆప్యాయంగానూ మరికొందరు పళ్ళు నూరుతూనూ "గాజు మేడమ్" అనే పిలుస్తారు. వారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం ఈ వ్యాసకర్తను ఆదేశించింది. "మంచి మాటలే రాయండి, ఆ బాలికల బడి సంగతి మాత్రం వద్దు" అని కూడా సెలవిచ్చింది. ఆ సంగతి తీసేస్తే మేడమ్ గారి సేవాకాలంలో మిగిలేది హాజరుపట్టీ ఒక్కటే. కనుక సంపాదకవర్గం మన్నించాలి, మన్నించకపోయినా సరే.

చేరిన మొదటి వారంలోనే ఈ శాఖ ఆనవాయితీ ఆమెకు బోధపడింది. తనిఖీకి ఇంజనీరు వస్తున్నారనగానే ప్రతి బడికీ హడావుడిగా సున్నం కొట్టించేవారు. ఆనాటి సీనియర్ ఓవర్సీయరు గారు తెల్లగా మెరిసిపోతున్న గోడను చూపించి, "పగుళ్ళెక్కడున్నాయమ్మా? పాలలాగా ఉంది గోడ! సంతకం పెట్టేస్తే భోజనం వేళకి ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నారట. మేడమ్ గారు బాల్చీతో నీళ్ళు తెప్పించి, తడిగుడ్డతో గోడ తుడవడం మొదలుపెట్టారు. తలుపు మూల నుండి పైకప్పు దాకా వేలు దూరేంత పగులు బయటపడింది. పైన పటారం, లోన లొటారం! ఆ రోజు ఓవర్సీయరు గారికి భోజనం సాయంత్రం నాలుగింటికి దొరికింది.

పగులు ఉందని తెలిస్తే చాలదు, అది పెరుగుతోందో ఆగిందో తెలియాలి. అందుకు మేడమ్ గారు పాతకాలపు మేస్త్రీల పద్ధతినే పట్టుకున్నారు. పగులుకు అడ్డంగా సన్నని గాజుపలకను రెండు చివరలా సిమెంటుతో అతికించి, దాని పక్కన తేదీ వేసేవారు. గోడ వెంట్రుకవాసి కదిలినా పలక పగిలిపోతుంది. ఆ పలకలు వారి భర్తగారి కొట్టు నుండి వచ్చేవి. ఆయన ఫొటోలకు ఫ్రేములు కట్టే పనివారు. "మా కొట్లో మిగిలిన ముక్కలకి కూడా సర్కారు ఉద్యోగం వేయించింది మా ఆవిడ. నాకే వేయించలేదు!" అని వచ్చిన వారందరితోనూ చెప్పి నవ్వేవారు.

ఇలా అరవై నాలుగు బడుల గోడల మీద తేదీలు వేసుకుంటూ, మూడు పదుల సంవత్సరాలకు మించి వారు తిరిగారు. ఎనిమిది బదిలీలు, నాలుగు సంజాయిషీ నోటీసులు, ఒకే ఒక్క పదోన్నతి వారికి దక్కాయి. ఇదే కాలంలో, ఇదే అర్హతతో చేరి, కళ్ళు మూసుకుని సంతకాలు చేసినవారు నాలుగేసి మెట్లు ఎక్కారు. వారికీ వారి మెట్లకూ నమస్కారం.

మేడమ్ గారు తప్పే చేయలేదని రాస్తే ఆమే ఒప్పుకోరు. ఒక తప్పు చేశారు. అది మూడేళ్ళ క్రితం, బాలికల ఉన్నత పాఠశాల ఉత్తరపు భాగంలో జరిగింది. పై అంతస్తు బరువంతా మోసే దూలం మీద ఒక పగులు కనిపించగా, అలవాటు ప్రకారం పలక అతికించి వచ్చారు. నాలుగు నెలల తరువాత వెళ్ళి చూస్తే పలక చెక్కుచెదరలేదు. నిశ్చింతగా భద్రతా పత్రం మీద సంతకం చేశారు. మరో ఆరు నెలలకు మళ్ళీ నిచ్చెన ఎక్కి, అలవాటుగా పలక అంచును గోటితో తడిమారు. గోరు ఆగిపోయింది. ఫొటో ఫ్రేముకు వాడే గాజు సన్నగా ఉంటుంది. ఇది కిటికీ అద్దం మందాన ఉంది. ముప్పై ఏళ్ళు ఫ్రేముల కొట్టు ఇల్లాలుగా ఉన్న చేతికి ఆ తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

కింద నిచ్చెన పట్టుకున్న బడి ఆయాను అడిగారు.

"ఈ అద్దం ఎవరు పెట్టారే?"

"నేనే పెట్టించానమ్మా. మీరు పెట్టింది పగిలిపోయింది. ఆడపిల్లలు గంతులేసి పగలగొట్టారని మీరు కోప్పడతారేమోనని భయమేసింది. తేదీ కూడా డ్రాయింగు టీచరు చేత అచ్చం మీ రాతలాగే రాయించాను" అంది ఆయా, మెచ్చుకుంటారేమోనన్న ఆశతో.

"ఎన్నిసార్లు మార్చావు?"

"మూడుసార్లమ్మా. ఏం చేసినా నిలవడం లేదు, పాడు అద్దం."

మేడమ్ గారు నిచ్చెన మీదే లెక్క వేసుకున్నారు. పది నెలల్లో మూడు పలకలు పగిలాయంటే దూలం ఒక్క రోజు కూడా ఆగకుండా కుంగుతోందన్న మాట. దాని కింద నాలుగు తరగతుల్లో నూట నలభై మంది పిల్లలు, వారి నెత్తిన తన సంతకం. కిందికి దిగి ఆయా చేయి పట్టుకున్నారు. "తిట్టాల్సింది నిన్ను కాదే తల్లీ, నన్ను. అద్దం ఎందుకు పెడుతున్నానో ఇన్నేళ్ళలో ఎవ్వరికీ చెప్పిన పాపాన పోలేదు" అన్నారు. ఆ పూటే పిల్లలను బయటికి పంపించి, నాలుగు గదులకూ తాళాలు వేయించారు. ఆనాటి నుండి ఏ బడికి వెళ్ళినా ఆయాలనూ, ఊడ్చేవారినీ, పిల్లలనూ కూర్చోబెట్టి పలక కథ చెప్పిన తరువాతే నిచ్చెన ఎక్కుతున్నారు.

మరునాడు అప్పటి పెద్ద ఇంజనీరు గారు ఆమెను పిలిపించారు. మంత్రిగారు అదే వారంలో ఆ బడికి రాబోతున్నారు.

"భద్రంగా ఉందని మీరే సంతకం చేశారు కదండీ! ఇప్పుడు తాళమేంటి?"

"చేశాను సార్. ఆ సంతకం తప్పు. తప్పని రాసి తెచ్చాను. దీని మీద కూడా సంతకం ఉంది, చూడండి."

"మీ మీదకే వస్తుందమ్మా ఇది."

"దూలం పిల్లల మీదకి రావడం కన్నా నయమే కదా సార్."

నోటీసు వచ్చింది. చివరి పదోన్నతి ఆగిపోయింది. మంత్రిగారు వేరే బడికి వెళ్ళారు. మరి నూట నలభై మంది ఎక్కడ కూర్చోవాలి? మేడమ్ గారు వారిని వరుసగా నడిపించుకుంటూ మా ఆఫీసుకే తీసుకొచ్చి, పై అంతస్తులోని సమావేశ మందిరంలో కూర్చోబెట్టారు. "ఇదీ సర్కారు భవనమే, అదీ సర్కారు భవనమే. ఏది గట్టిగా ఉంటే పిల్లలు అందులో ఉంటారు" అన్నారు. సమీక్షా సమావేశం కోసం వచ్చిన పెద్ద ఇంజనీరు గారు తలుపు దగ్గర గొంతు పెంచబోతే, లోపలి నుండి లెక్కల టీచరమ్మ, "పాఠం జరుగుతోంది, కాస్త మెల్లిగా!" అని కసిరారు. అప్పటి నుండి మా సమావేశాలన్నీ వరండాలోనే జరుగుతున్నాయి.

తల్లిదండ్రులు చందాలు వేసుకుని దూలం కింద ఇనుప స్తంభాలు పెట్టిస్తామని ముందుకు వచ్చారు. వారి మంచితనానికి చేతులు జోడించి కూడా మేడమ్ గారు ఒప్పుకోలేదు. "పన్ను కట్టేటప్పుడు బడికి కూడా కలిపే కట్టారు కదమ్మా. మళ్ళీ ఎందుకు కడతారు? ఈ రోజు మీరు స్తంభం పెడితే, రేపు కప్పు కూడా మీరే వేసుకోమంటారు. ఇవ్వకండి, అడగండి" అన్నారు. "అడిగితే ఇస్తారా మేడమ్?" అని ఒక తల్లి నిట్టూర్చింది. "అడగందే అమ్మయినా పెట్టదు. అడుగుతూనే ఉందాం" అన్నారు.

అడుగుతూనే ఉన్నారు. కొత్త భవనం కోసం ప్రతిపాదన మూడుసార్లు పంపారు. నమూనా సరిగా లేదని మొదటిసారీ, ఆర్థిక సంవత్సరం ముగిసిందని రెండోసారీ తిప్పి పంపారు. మూడోసారి వచ్చిన జవాబు చదివితే ఒళ్ళు మండిపోతుంది. భవనం ఇంకా నిలిచే ఉన్నందున అత్యవసరం కాదట! అంటే కూలిన తరువాత రండని కదా అర్థం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెతగా విన్నాం. దాన్ని నియమంగా పెట్టుకున్న ప్రభుత్వాన్ని ఇప్పుడే చూస్తున్నాం. బడి కట్టడం, కట్టిన బడి పిల్లల మీద పడకుండా చూడడం దయాధర్మం కాదు. ప్రభుత్వం తన పేరు చెప్పుకుని తలెత్తుకు తిరగాలంటే చేసి తీరవలసిన కనీసపు పని.

"కూలలేదుగా మూడేళ్ళయినా? అంతా గాజు మేడమ్ హడావుడి" అని మా ఆఫీసులోనే కొందరు చెవులు కొరుక్కుంటున్నారు. అయ్యా, అది ఖాళీ గదుల మీద నిలబడి ఉంది. ఆ ధైర్యం నిజమైతే మీ పిల్లలను ఒక్క పూట అందులో కూర్చోబెట్టండి.

ఈ అభినందన సభను మందిరంలో కాక, వరండాలో కుర్చీలు సర్దుకుని జరుపుకోవడానికి కారణం కూడా అదే. లోపల తొమ్మిదో తరగతికి పరీక్ష జరుగుతోంది. ఉపన్యాసకులు మెల్లిగా మాట్లాడవలసిందిగా ప్రార్థన.

మేడమ్ గారు ఈ సభను వద్దని రెండుసార్లు అన్నారు. కారణం గట్టిగా అడిగితే చివరకు బయటపెట్టారు. "నేను వెళ్ళిన మర్నాడే ఆ గదులు తెరుస్తారు. సున్నం కొట్టించి, దూలానికి రంగు వేయించి తెరవొచ్చని ఫైలు సిద్ధమైంది. నా కుర్చీలోకి ఎవరొస్తే వాళ్ళ సంతకం కోసం చూస్తున్నారు. నాకీ సన్మానాలెందుకు?" అన్నారు. వారి ముప్పై అయిదేళ్ళ సేవలో ఈ ఆఫీసువారెవరైనా వారి కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదటిసారి.

ఇక్కడ "ఈ వ్యాసకర్త" అనే మాట చాటున దాక్కోవడం మర్యాద కాదు. రేపు ఉదయం పదిన్నరకు ఆ కుర్చీలో కూర్చోబోయేది నేనే. ఉత్తర్వు నిన్ననే అందింది. ఆ ఫైలు ఇప్పటికే బల్ల మీద ఉంది, సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి మరీ ఉంచారు. నేను మేడమ్ గారంత ధైర్యవంతుణ్ణి కాను. నాకు పదోన్నతి కావాలి, బదిలీలంటే భయం, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. అందుకే, రేపు మాట మార్చుకునే వీలు నాకే లేకుండా, మీ అందరి ముందూ, మీ కుటుంబాల ముందూ, ఐదు వందల ప్రతుల్లో అచ్చు వేయించి చెబుతున్నాను. ఆ సంతకం నేను చేయను.

మేడమ్ గారూ, మీరు నిండు ఆరోగ్యంతో, నిచ్చెన ఎక్కగల మోకాళ్ళతో, మీ వారి వేళాకోళాలకు నవ్వగలిగే తీరికతో నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఆ పిల్లలకు కట్టబోయే కొత్త బడి గోడలను మీ తడిగుడ్డతో మీరే స్వయంగా తుడిచి చూడాలి. అంతవరకు ఆ నాలుగు గదుల తాళాలు నా దగ్గరే ఉంటాయి.