నాలుగో ముక్క

“మెయిలు మళ్లీ తిరిగొచ్చిందమ్మా. ‘అటాచ్‌మెంట్ చాలా పెద్దది’ అంటోంది. నన్నేం చెయ్యమంటావు?”

“వదినా, ఈ మాట వారం రోజులుగా ఫోన్లో వింటున్నాను. అందుకే బస్సెక్కి వచ్చాను. లే, నన్ను కూర్చోనీ.”

చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చెయ్యడం అన్నగారి పని. వాటిని సరిచేసి సంస్థకి అప్పజెప్పడం చెల్లెలి పని. ఆయన పోయిన ఇరవై రెండో రోజు, మధ్యాహ్నం, ఆయన రికార్డింగ్ గదిలో ఆ వదినా ఆడపడుచులు.

“ముందు కాఫీ తాగు. ఎండలో పడి వచ్చావు.”

“కాఫీ తర్వాత. పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. ఆఖరి పాఠం అందకపోతే పుస్తకం మొత్తం ఇంకొకరి చేత చదివిస్తామంటున్నారు. అన్నయ్య చదివిన పదకొండు పాఠాలూ బుట్టదాఖలే.”

“వాళ్ల చేతులు పడిపోను!”

“వాళ్లని తిట్టి లాభం ఏముంది? జిప్ చెయ్యమన్నాను కదా.”

“చేశాను. చేసినా అంతే ఉంది.”

“పోనీ లింకు పంపమన్నాను.”

“లింకులూ గింకులూ నాకు రావు.”

“పాస్‌వర్డ్ లేదన్నావు మొన్న.”

“అదీ లేదు. ఇదీ రాదు.”

“మరి మొదటి మూడు ముక్కలూ ఎలా పంపావు?”

“మీ అన్నయ్య చూపించినట్టే. నాలుగు నాలుగు నిమిషాలకి ఒక ముక్క కోసి. మూడూ గుమ్మం దాటాయి. నాలుగోది దాటనంటోంది.”

“నాలుగోదీ నాలుగు నిమిషాలే ఉండాలి. పాఠం మొత్తం పదహారే కదా.”

“ఏమో. మిగిలిందంతా నాలుగో ముక్కలో పడేశాను.”

“మిగిలింది ఎంత?”

“నాకేం తెలుసు? ఆ లెక్కలన్నీ ఆయనవి.”

“చూస్తాను ఉండు... ఒక్కో ముక్కా ఇరవై ఎంబీ. ఇరవై, ఇరవై, ఇరవై. ఇది... వదినా, ఇది ఏడు వందలు!”

“పెద్దదని మొత్తుకుంటూనే ఉన్నాగా.”

“నాలుగు నిమిషాల ముక్క ఏడు వందలెలా అవుతుంది? రెండు గంటల ఇరవై నిమిషాలుంది ఇందులో!”

“ముఖం కమిలిపోయింది నీకు. కాఫీ తెస్తాను.”

“కూర్చో వదినా. ఇది ఆ రోజుదేనా?”

“ఏ రోజు?”

“ఏ రోజంటావేంటి!”

“...ఆ రోజుదే.”

“అంటే రికార్డర్ ఎవరూ ఆపలేదా?”

“ఆపేవాళ్లెవరు? ఆపాల్సిన మనిషి కింద పడి ఉన్నారు.”

“నువ్వు విన్నావా ఇది?”

“లేదు. వినలేదు. వినను.”

“వినకుండా ఎలా కోశావు?”

“నిమిషాలు చూసి కోశాను. చెవులకి పెట్టుకోలేదు. ఒట్టు.”

“ఆ రోజు నేను ఫోన్ చేశాను, గుర్తుందా? ‘ఎర్ర లైటు వెలుగుతోందమ్మా, రికార్డింగ్‌లో ఉన్నారు, తర్వాత చెయ్యి’ అన్నావు.”

“అన్నాను. లైటు వెలుగుతుంటే తలుపు తట్టకూడదని మీ ఇద్దరూ పెట్టిన రూలేగా. వీధిలో కూరగాయలవాడు అరిస్తే వాణ్ని కసిరాను. విజిల్ వేస్తుందని కుక్కర్ పెట్టలేదు. ఈ గుమ్మం బయటే కుర్చీ వేసుకుని కాపలా కాశాను, మహా ఇల్లాలిని.”

“నీకేమీ వినపడలేదా?”

“వినపడింది.”

“వదినా!”

“తలుపుకి పరుపు కొట్టించారుగా. మాటలు తెలియవు, గొంతొక్కటే వస్తుంది. కేకేశారు. రెండుసార్లు. పడవవాడి కేక అనుకున్నాను.”

“పాఠంలో పడవవాడా?”

“వాడే. గాలివానలో చిక్కుకుని ‘ఒడ్డున ఎవరైనా ఉన్నారా’ అని కేకలేస్తాడుగా. మూడు రోజులు ఇల్లంతా అదే సాధన. స్నానాల గదిలో అదే, అన్నం ముందు కూర్చుని అదే. ఒకసారి నిజమేననుకుని చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చాను. పకపకా నవ్వారు. ‘అయితే బాగా వచ్చిందన్నమాట’ అన్నారు. అందుకని ఆ రోజు... ఇంకా బాగా వచ్చిందనుకున్నాను. బాగా వచ్చిందనుకుని కూర్చున్నానమ్మా!”

“ఊరుకో. ఊరుకో వదినా. నేను వింటాను.”

“వద్దు.”

“హెడ్‌ఫోన్స్ ఇలా ఇవ్వు.”

“వద్దంటున్నానా!”

“నువ్వు అటు తిరిగి కూర్చో. చాలు.”

ఆడపడుచు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆరేడు నిమిషాలు వింది.

“...అయిందా?”

“అయింది.”

“చెప్పు.”

“పాఠమే వదినా. పడవవాడి కేకలే. ‘ఒడ్డున ఎవరైనా ఉన్నారా’ అని, రెండుసార్లు. పాఠం ముగించాడు. ఆ తర్వాత ఏమీ లేదు. నిద్రలో పోయినట్టు పోయాడు అన్నయ్య.”

“పాఠమేనా?”

“పాఠమే. పుస్తకంలో ఉన్న మాటలే. నువ్వు తలుపు తీసి ఉంటే రికార్డింగ్ చెడిపోయేది, అంతే.”

“నీ గొంతేంటి అలా ఉంది?”

“అన్నయ్య గొంతు వింటే ఏడుపు రాదా నాకు? ఇదిగో చూడు, నాలుగో నిమిషం దగ్గర కోస్తున్నాను. ఇరవై ఎంబీ. పంపుతున్నాను... వెళ్లిపోయింది. పన్నెండు పాఠాలూ పిల్లలు అన్నయ్య గొంతులోనే వింటారు.”

“అమ్మయ్య. ఆయన కష్టం వృథా పోలేదు.”

“మిగిలింది తీసెయ్యనా?”

“తీసెయ్యి.”

“ఖాళీయే వదినా అదంతా. నిజం.”

“నిజమేనమ్మా. నువ్వెప్పుడు అబద్ధమాడావు గనక. ఒక్కటి అడుగుతాను, చెప్పి తీసెయ్యి.”

“అడుగు.”

“పాఠంలో పడవవాడు ఒంటిగాడు, పెళ్లాం లేదుగా. మరి ఈ నాలుగో ముక్కలో ‘ఏమేవ్... ఏమేవ్’ అని రెండుసార్లు పిలిచింది ఎవర్ని?”