భీమేశ్వరరావు గారు తెచ్చిన కొళాయి

భీమేశ్వరరావు గారు మాట మొదలుపెడితే రంగనాథ్ తన చాయ్ దుకాణంలో స్టవ్వు మంట తగ్గించేవాడు, చప్పుడుకి ఒక్క కోత కూడా జారిపోకూడదని. రిటైరైన గుమాస్తా ఆయన. ఢిల్లీలో ధౌలా కువాన్ అవతల మా తెలుగు గల్లీకి సంఘం ప్రెసిడెంటు. ఏషియాడ్ ఆటల ఏడాది, మే నెల. ఊరంతా ఫ్లైఓవర్లు లేస్తున్నాయి, గల్లీ కొళాయిలో మాత్రం చుక్క లేదు.

"అంకుల్, ఇవాళ అందరం వార్డు ఆఫీసుకి వెళ్తున్నాం. మీరే ముందుండాలి," అన్నాడు కోటయ్య, సివిల్స్‌కి చదువుకుంటున్న కుర్రాడు.

ఆఫీసర్లంటే భీమేశ్వరరావు గారికి పాతికేళ్ల నౌకరీలో పట్టుకున్న భయం. అయితే భయం వేసినప్పుడే ఆయన నోరు బాగా ఆడుతుంది.

"వెళ్దాం లేవోయ్! ముందిది విను. నిరుడు ఆ కొళాయి ఊరికే వచ్చిందనుకున్నావా? ఇంజనీరు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్లా. టేబుల్ మీద మెల్లిగా చెయ్యి వేసి, భయ్యా, మా పన్నులన్నీ ఏం చేశావ్ అని అడిగా. అంతే."

"అంతేనా?"

"అంతేనా అంటే... టేబుల్ రెండు ముక్కలైంది. మెల్లిగానే వేశానోయ్! ఇంజనీరు బీరువా వెనక దూరాడు. పైనుంచి పెద్దాఫీసరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, రావ్ సాబ్, శాంతించండి, గల్లీకి కొళాయి వేయిస్తాం అన్నాడు. కొళాయేంటి, యమునని ఇటు తిప్పు అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తిప్పేశారా?" గ్లాసు అందిస్తూ అడిగాడు రంగనాథ్.

"తిప్పక చస్తారా! ఆ ఊపుకి పాలవాడి గేదె లేచి మేడ మీద పడింది, వాడు నెల్లాళ్లు అక్కడికే ఎక్కి పాలు పితికాడు. నీళ్లు ఇంకా పైకి లేచాయి. పాలం ఎయిర్‌పోర్టులో దిగబోతున్న విమానం రెక్కలు కడుక్కుని మరీ దిగింది. అవతల ఆగ్రాలో యమున ఎండిపోయి, అక్కడి పెద్దమనుషులొచ్చి, బాబ్బాబు, కాస్త కొళాయి కట్టేయండి అని నా కాళ్లమీద పడ్డారు. జాలేసి సగం కట్టేశాను."

అందరూ నవ్వారు. భయం పోయింది, తన మాటలు తనకే నిజమనిపించాయి ఆయనకి.

ఖాళీ బకెట్టుతో నిలబడి వింటున్న నర్సు సరళకుమారి నవ్వలేదు.

"నిన్న నేనూ ఆ ఇంజనీరు దగ్గరికి వెళ్లాను అంకుల్. టేబుల్ బాగానే ఉంది."

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నిరుడు కొళాయి ప్రారంభించిన రోజు గోడ వెనక నీళ్ల టాంకరు పెట్టి పైపు తగిలించారు. ఫొటో అయ్యాక టాంకరు పోయింది, దాంతో నీళ్లూ పోయాయి. మెయిన్ లైను కలపనేలేదు. అదే అడిగితే ఇంజనీరు నవ్వాడు. 'మీ ప్రెసిడెంటే నాకు బంతిపూల దండ వేసి బహుత్ బఢియా పానీ హై సాబ్, నీళ్లు బ్రహ్మాండం అన్నాడుగా! ఆయన్నొచ్చి నీళ్లు లేవని నా మొహం మీద చెప్పమను, లైను కలిపిస్తా' అన్నాడు."

సరళకుమారి ఖాళీ బకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మా పాపకి విరేచనాలు. గుడ్డలు ఉతకడానికి చుక్క లేదు. మాకు యమున వద్దు అంకుల్. నీళ్లు లేవు అని ఒక్క ముక్క చెప్పండి చాలు."

ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ ఒక్క ముక్కా ఇక్కడే ఓసారి అనుకుని చూద్దామనుకున్నారు, 'నీళ్లు' దాకా వచ్చి ఆగిపోయారు.

"కాసిని మంచినీళ్లియ్యవోయ్," అన్నారు, లేస్తూ.

రంగనాథ్ కుండ బోర్లించి చూపించాడు. "అడుగున ఉన్నవి మీ చాయ్‌లో పోసేశానండీ."