శాలువా

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు డార్మ్‌స్టాట్‌లో తెలుగు సంఘం ఏర్పడింది. ఎన్నికైన వ్యక్తి తనను అధ్యక్షుడు అనవద్దని, సేవకుడు అంటే చాలని చెప్పాడు. తిరుగు రైలులో సంఘం కార్యదర్శీ, ఆ సేవకుడి తమ్ముడూ ఎదురెదురుగా కూర్చున్నారు.

“మీ అన్నకి పదవి పేరే వద్దంట. మైకూ శాలువా మాత్రం వదల్లేదు.”

“వినయం అక్కా అది.”

“క్రూసేడర్లు, అదే ఆనాటి క్రైస్తవ సైన్యాలు, జెరూసలేం గెలిచాక మొదటి పాలకుడూ అంతే. నన్ను రాజనొద్దు, క్రీస్తు సమాధికి రక్షకుడనండి అన్నాడు. ఏలడం మాత్రం ఏలాడు. మా జర్మన్ క్లాసులో నా ప్రెజెంటేషన్ అదే.”

“ఎన్నాళ్లు ఏలాడు?”

“ఏడాది. తన తర్వాత నగరం మీదేనని మతపెద్దకి మాటిచ్చి పోయాడు.”

“మరి ఆయనకే దక్కిందా?”

“లేదు. సైనికులు తమ్ముడికి కబురు పెట్టారు. ఆయన వచ్చి కిరీటం పెట్టుకుని, నేను రాజునే అన్నాడు.”

“అన్నయ్య వచ్చే నెల ఇండియా వెళ్లిపోతున్నాడు కదక్కా.”

“తెలుసు. తన తర్వాత నేనేనని మాటిచ్చాడు.”

“మీటింగ్‌లోనా?”

“మీ ఇంట్లో, టీ తాగుతూ.”

“ఆ తమ్ముడు కిరీటం ఎప్పుడు పెట్టుకున్నాడు?”

“క్రిస్మస్ రోజు.”

డిసెంబరు 25న సంఘం వాట్సాప్ గ్రూపులో కొత్త అధ్యక్షుడి ఫొటో వచ్చింది. శాలువా తమ్ముడి భుజాల మీద ఉంది. కప్పినది కార్యదర్శి.