బట్టలు తీయండర్రా!

ఏమే, బట్టలు డాబా మీదే వదిలేసి వచ్చావా? ఉండనీలే, పరిగెత్తక్కర్లేదు, కూర్చో. ఇప్పుడు ఆరేసి మర్చిపోయినా అడిగేవాళ్ళు లేరు. అదే మీ అమ్మమ్మ ఉంటేనా! నువ్వు చూడలేదుగా ఆవిణ్ణి. ఫొటోలో మనిషిని నమ్మకు, ఫొటో తీసేటప్పుడు నోరు మూసుకుంది మరి. ఏం గొంతనుకున్నావ్! ఈ డాబా మీంచి పిలిస్తే సందు చివర సెలూన్ వాడు కత్తెర ఆపేవాడు.

అప్పట్లో మిల్లు పొగ ఇటే వచ్చేది. నేను ఫిట్టర్ని, ఆ మిల్లులోనే. గాలి ఇటు తిరిగిందా, ఉతికిన బట్టల మీద మిరియాల పొడి చల్లినట్టు మసి. వీధి మొత్తానికి కాపలా మీ అమ్మమ్మే. పొగ వంగడం చూసిందంటే "బట్టలు తీయండర్రా!" అని ఒక్క కేక. ఎక్కడి పని అక్కడ వదిలేసి ఆడవాళ్ళంతా డాబాలెక్కేవాళ్ళు. సగం ఆరినవి ఇళ్ళల్లో వేలాడేవి, ముక్కిపోయిన వాసన. మా పెళ్ళికి వాళ్ళమ్మ తెల్ల దుప్పటి ఇచ్చింది, అంచు చుట్టూ తనే కుట్టి. మీ అమ్మమ్మ దాన్ని పెట్టెలోంచి తీసేదే కాదు. "ఉతికితే ఎక్కడ ఆరేస్తానండీ" అనేది.

ఏమంటున్నాను? ఆఁ, ఆవిడ గొంతు. ఒకసారి సభ జరిగింది. ఎన్నికలప్పుడు స్కూలు హాల్లో పెట్టారులే, పోటీ చేసేవాళ్ళందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, మన గాలికీ నీళ్ళకీ ఏం చేస్తారో చెప్పండయ్యా అని. జనం ప్రశ్నలు అడగొచ్చు, ముందుగా పేరివ్వాలి. మీ అమ్మమ్మ పేరిచ్చేసింది! మా మేనేజరేమో ముందు వరసలో కూర్చుంటాడాయె. వద్దే అంటే, "పోనీ మీరు రాకండి" అంది. సభ దాకా రోజూ వంటింట్లో గరిటె పట్టుకుని నన్నే అడిగేది. "అయ్యా, నాకు పెద్ద కోరికలేం లేవు. ఒక తెల్ల దుప్పటి పొద్దున ఆరేసి, మధ్యలో పరిగెత్తకుండా, సాయంత్రం తీసుకోవాలి. ఎప్పటికి తీసుకోనిస్తారు?" అదీ ప్రశ్న. నేను గొంతు సవరించుకుని "సోదరీ, పరిశీలిస్తాం" అనేవాణ్ణి. గరిటెతో ఒకటి తగిలేది.

ఆ రోజు హాలు కిక్కిరిసింది. ఒకాయన "పచ్చదనమే నా ఊపిరి" అని మొదలెట్టాడు, ఊపిరి తీసుకుంటేగా! ఇంకొకాయన మొక్కలు నాటిస్తానంటాడు, ఎక్కడో చెప్పడు. చివరికి మీ అమ్మమ్మని పిలిచారు. మైకు ముందుకెళ్ళింది. నోరు తెరవబోతూ, అలవాటు కదా, కిటికీలోంచి ఒక్కసారి చూసింది. పొగ వంగుతోంది. "బట్టలు తీయండర్రా!" అంది. మైకులో!

హాల్లో ఆడమనిషన్నది మిగల్లేదు. కుర్చీలు పడ్డాయి, చెప్పులు మిగిలాయి. వేదిక మీద పెద్దమనుషులు ఇది ఎవరి పార్టీ పన్నాగమా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. నవ్వకు, నేనూ నవ్వాను అప్పుడు. మీ అమ్మమ్మ కూడా పరిగెత్తింది, అందరికన్నా ముందు. భుజాన ఎవరివో తడి చొక్కాలతోనే తిరిగొచ్చింది పాపం. అప్పటికి కుర్చీలు సర్దేస్తున్నారు. "మీ వంతు అయిపోయిందమ్మా" అన్నాడు మైకువాడు. "నేనింకా అడగలేదయ్యా" అంది. ఆ చొక్కాలు ఎవరివో వాళ్ళకిచ్చేసి ఇంటికొచ్చింది.

మిల్లు ఆగిపోయింది, కానీ చాలా ఏళ్ళకి. ఏ నాయకుడి గొప్పా కాదు, నష్టాలొచ్చి మూసుకున్నారు. అప్పటికి మీ అమ్మమ్మ లేదు. వీధి వీధంతా సంబరపడింది. నేను డాబా ఎక్కి నిలబడ్డాను, ఎవరైనా కేకేస్తారేమోనని. ఈ మంచి గాలి నాకెందుకే తల్లీ! మసి పడితే పడనీ, ఒక్కసారి ఆవిడ పిలిస్తే చాలు అనిపించింది. ఇప్పుడూ అనిపిస్తుంది.

పైన చివరి తాడు మీద తెల్లగా ఒకటుంది, చూశావా? అదే. వాడేవాళ్ళు లేరు, మాసిందీ లేదు. అయినా పొద్దున ఆరేస్తాను, సాయంత్రం దాకా...

గాలి లేచినట్టుంది. క్లిప్పులు పెట్టావా లేదా?